షేర్ల అధిక విలువ, మార్కెట్ సెంటిమెంట్

ఒక కంపెనీ షేరు ధర ఆ కంపెనీ సంపాదనకు తగ్గట్టు ఉందా, దాన్ని మించిపోయిందా అని తేల్చడం ఒక లెక్క. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఆశతో ఉన్నారా, భయంతో ఉన్నారా అని కనిపెట్టడం ఇంకో లెక్క. మొదటిదాన్ని వాల్యుయేషన్ అనీ, రెండోదాన్ని మార్కెట్ సెంటిమెంట్ అనీ పిలుస్తారు. ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. సంపాదనకూ ధరకూ మధ్య మిగిలే ఖాళీని నింపేది సెంటిమెంటే. ఇంత విద్యకూ సరిపోయే సామెత తెలుగులో ఎప్పటినుంచో ఉంది: వాపును చూసి బలుపు అనుకోవద్దని. వాపూ బలుపూ కంటికి ఒకేలా కనిపించడమే చిక్కు.

కౌలు లెక్క

కామారెడ్డి జిల్లాలోని బీబీపేట 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు దోమకొండ నుంచి విడివడి మండల కేంద్రమైంది. ఇలాంటి ఊళ్ళలో మిగులు డబ్బు వెళ్ళే దారులు అందరికీ తెలిసినవే: భూమి, బంగారం, చిట్టీలు. షేర్లు ఈ వరుసలో ఆలస్యంగా చేరాయి. అయినా షేరు ఖరీదైనదో కాదో చెప్పే ప్రధాన కొలత ఇక్కడి రైతుకు కొత్తది కాదు, పేరు మాత్రమే కొత్త.

ఎకరం పొలం ధర రూ.30 లక్షలు, దాని మీద ఏడాదికి వచ్చే కౌలు రూ.15,000 అనుకుందాం. ధర కౌలుకు 200 రెట్లు. కౌలు డబ్బుతోనే భూమి ఖరీదు తిరిగి రావాలంటే 200 ఏళ్ళు పడుతుంది. మరి ఎందుకు కొంటున్నారు? రేపు రోడ్డు పడుతుందని, ప్లాట్లవుతాయని, ఇంకొకరు ఇంతకన్నా ఎక్కువకు కొంటారని. కౌలు చెప్పేది భూమి ఇవాళ చేసే పని. ధరలో మిగిలినదంతా రేపటి మీద పెట్టుకున్న ఆశ. షేర్ల భాషలో ఇదే పీఈ నిష్పత్తి. ఒక షేరు ధరను, ఏడాదిలో ఆ షేరు వాటాకు వచ్చే లాభంతో భాగిస్తే వచ్చే అంకె అది. రూ.500 షేరు మీద కంపెనీ ఏడాదికి రూ.20 సంపాదిస్తే పీఈ 25.

దీన్ని తిరగేస్తే ఇంకో ఉపయోగం ఉంది. రూ.500 మీద రూ.20 అంటే 4 శాతం రాబడి. అదే సమయంలో పదేళ్ళ ప్రభుత్వ బాండు 7 శాతం ఇస్తుంటే, ఏ పూచీ లేని షేరును 4 శాతానికి ఎందుకు పట్టుకోవాలన్న ప్రశ్న వస్తుంది. లాభాలు పెరుగుతాయన్న నమ్మకమే జవాబు. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు షేర్ల ధరలు తడబడటానికి కారణం కూడా ఇదే. కంపెనీలో ఏమీ మారకపోయినా, పోల్చి చూసే తూకం రాయి మారిపోతుంది.

పీఈ అనే భిన్నంలో లవం ధర, హారం లాభం. రోజంతా టీవీల్లో నడిచే చర్చ లవం గురించి. ధర అందరికీ క్షణక్షణం కనిపిస్తుంది, దానిలో దాపరికం లేదు. హారం అలా కాదు. అది గడిచిన ఏడాది లాభమా, రాబోయే ఏడాదికి వేసిన అంచనానా, మంచి కాలంలో పొంగిన లాభమా, అప్పు తెచ్చి చూపినదా, అసలు ఉన్నదేనా? తెలుగు నేల మీద షేర్లతో చేతులు కాల్చుకున్న పెద్ద ఉదంతాలు తీసి చూస్తే, ఎక్కువ వాటిలో మోసపుచ్చింది హారమే.

సత్యం: చౌకగా కనిపించిన షేరు

సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌ను బి.రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో స్థాపించారు. 1990ల చివరి సాఫ్ట్‌వేర్ జ్వరంలో ఈ షేరు దేశమంతా మోగింది. కేతన్ పరేఖ్ అనే బ్రోకర్ వెనకుండి నడిపిన ‘కె-10’ షేర్ల జాబితాలో ఇదీ ఒకటి. ఆ రోజుల ఊపు ఎలాంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. సత్యం అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబర్‌లో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదైంది. మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను రూ.499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. లాభం మాట పక్కన పెట్టండి, ఆ సంస్థ ఏడాది ఆదాయానికే ఆ ధర వందల రెట్లు. అప్పట్లో దీన్ని పిచ్చి అన్నవాళ్ళకన్నా దూరదృష్టి అన్నవాళ్ళే ఎక్కువ. 2000 మార్చి 10న నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర శిఖరం తాకి, 2002 అక్టోబర్‌కి 1,114కి దిగింది. కేతన్ పరేఖ్ 2001 మార్చి చివర అరెస్టయ్యాడు.

అది లవం వాచిన కథ. కళ్ళున్నవాళ్ళకి కనిపించింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఇదే కంపెనీలో జరిగింది దానికి తలకిందులు.

2008 డిసెంబర్ 16న సత్యం తన ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో సత్యం పేరును వెనకనుంచి చదివితే వచ్చేదే మేటాస్. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బు రియల్ ఎస్టేట్‌లోకి ఎందుకని మదుపరులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 6న షేరు రూ.179 దగ్గర ముగిసింది. 2007-08కి కంపెనీ చూపిన లాభంతో లెక్కేస్తే అది ఏడు రెట్ల దగ్గర. పీఈ ఒక్కటే చూసి కొనేవాడికి ఇంతకన్నా మంచి బేరం దొరకదు. పైగా అంతకు కొన్ని నెలల ముందే, 2008 సెప్టెంబర్‌లో, కంపెనీ పాలన బాగుందంటూ గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

జనవరి 7న రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన త్రైమాసికంలో ఆదాయం రూ.2,700 కోట్లు, నిర్వహణ లాభం రూ.649 కోట్లు అని చూపామనీ, అసలు ఆదాయం రూ.2,112 కోట్లు, లాభం రూ.61 కోట్లేననీ ఆ లేఖలో ఉంది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. హారం పదో వంతుకు పడిపోయిందన్నమాట. ఏడు రెట్ల షేరు, నిజం లెక్కలో, ఎన్నో రెట్ల షేరు. ఆ ఒక్కరోజే ధర దాదాపు 78 శాతం కూలి రూ.40 దగ్గరికి వచ్చింది. ముంబయి మార్కెట్ సూచీ సెన్సెక్స్ 749 పాయింట్లు పోయింది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు రూ.58 చొప్పున వేలంలో గెలుచుకుని కంపెనీని నిలబెట్టింది.

ఇది ముందే కనిపెట్టగలిగేదా అన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు: పూర్తిగా కాదు. లెక్కలు ఆడిట్ అయినవే. అయితే ఒకటి రెండు గీతలు చదవదగ్గవి ఉన్నాయి. బ్యాంకుల్లో వేల కోట్లు పెట్టుకున్నానన్న కంపెనీ వాటాదార్లకు పంచకుండా, సొంతవాళ్ళ భూముల కంపెనీలు కొనడానికి ఎందుకు తొందరపడుతోంది? ప్రమోటర్ల వాటా ఎందుకు కరిగిపోతోంది? వాళ్ళ షేర్లు తాకట్టులో ఉన్న సంగతి సామాన్య మదుపరికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కుంభకోణం బయటపడ్డ నెలలోనే ప్రమోటర్లు షేర్ల తాకట్టు వివరాలు వెల్లడించి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్ణయించింది. అందుకే ఇప్పుడు ఏ కంపెనీ వాటాదార్ల పట్టికలోనైనా ‘తాకట్టు’ గడి కనిపిస్తుంది. పీఈ చూసేముందు ఆ గడి చూడటం మంచి అలవాటు.

అప్పు మీద నిలిచిన లాభం

2006-07లో తెలుగువారి కంపెనీల మోజు సాఫ్ట్‌వేర్ నుంచి రోడ్లు, కరెంటు, విమానాశ్రయాలకు మారింది. జీఎంఆర్, జీవీకే, ల్యాంకో 2006లో పబ్లిక్ ఇష్యూలకు వచ్చాయి. ఐవీఆర్‌సీఎల్, నాగార్జున కన్‌స్ట్రక్షన్ షేర్లు అప్పటికే జోరు మీద ఉన్నాయి. అప్పట్లో వీటిని లాభంతో కొలిచినవాళ్ళు తక్కువ. ‘చేతిలో ఎన్ని కోట్ల ఆర్డర్లున్నాయి’, ‘ఎన్ని మెగావాట్లు రాబోతున్నాయి’ అనేవే కొలతలు. ఇంకా కట్టని కరెంటు కేంద్రానికి మెగావాట్ల చొప్పున విలువ కట్టి ధర చెప్పేవారు.

ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006 నవంబర్‌లో షేరు రూ.240కి ఇచ్చింది. తర్వాత బొగ్గు కోసం ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ కోల్ గనులు కొన్నది. కేంద్రాలకు బొగ్గు, గ్యాసు అందలేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. 2017 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ దివాలా చర్యలకు గుర్తించిన తొలి 12 భారీ బాకీదార్లలో ల్యాంకో ఒకటి. 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. ఇలాంటి కంపెనీని పీఈతో తూచడం తప్పు. అప్పును కూడా ధరలో కలిపి, వడ్డీకీ తరుగుదలకూ ముందరి లాభంతో పోల్చాలి. ఎంటర్‌ప్రైజ్ వాల్యూ లెక్క అదే. తాకట్టు తీర్చకుండా ఇల్లు ఎంతకు కొన్నామో చెప్పుకోలేం కదా.

పసుపు చెప్పే పాఠం

ఇక మూడో రకం: హారం అబద్ధమూ కాదు, అప్పుదీ కాదు, నిజమే, కానీ నిలిచేది కాదు. ఇది అర్థమవ్వాలంటే బీబీపేట నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డు దాకా వెళ్తే చాలు. ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజిలో నడిచే పసుపు ఫ్యూచర్స్‌కు ఆధార కేంద్రం నిజామాబాదే. ముంబయిలో స్క్రీన్ మీద కదిలే ధర ఈ యార్డులో రాశి పోసిన కొమ్ముల ధరకు ముడిపడి ఉంటుంది. 2010-11లో క్వింటాలు రూ.15,000 దాటిన పసుపు, 2012 తొలి నెలల్లో రూ.4,000 దగ్గరికి జారింది. కారణం రహస్యం కాదు. ధర చూసి అందరూ పసుపే పెట్టారు. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తిన నిర్ణయం ఫిబ్రవరిలో యార్డుకొస్తుంది, అప్పటికి ధర వేరు. ఆ పంట గోడు ఎంత ముదిరిందంటే, 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీలో నిలిచారు, వాళ్ళలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు.

ఉక్కు, సిమెంటు, చక్కెర, ఇనుప ఖనిజం కంపెనీలు కూడా ఈ జాతివే. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ లాంటి గనుల కంపెనీ షేరు, ఖనిజం ధర శిఖరాన ఉన్నప్పుడు నాలుగైదు రెట్ల పీఈతో చౌకగా కనిపిస్తుంది. ఖనిజం ధర కూలినప్పుడు అదే షేరు తక్కువ ధరకు దొరికినా పీఈ ఎక్కువగా చూపిస్తుంది. రూ.15,000 ధర పలికిన ఏడాది ఆదాయంతో పసుపు చేనుకు విలువ కట్టినట్టుంటుంది ఆ లెక్క. అందుకే ఇలాంటి వాటికి పుస్తక విలువతో పోల్చే పీబీ నిష్పత్తి గానీ, పలు ఏళ్ళ సగటు లాభం గానీ నయం. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ మొత్తం మార్కెట్‌కే ఈ పద్ధతి వాడారు. పదేళ్ళ లాభాలను ద్రవ్యోల్బణానికి సరిచేసి సగటు తీసి, దానితో ధరను భాగించారు. 1999 చివర అమెరికా మార్కెట్‌కు ఆ అంకె 44. ఆయన పుస్తకం ‘ఇర్రేషనల్ ఎగ్జుబరెన్స్’ సరిగ్గా 2000 మార్చిలో వెలువడింది.

నిఫ్టీ అంకె ఎన్ని రకాలు

ఒక్కో షేరు కాకుండా మొత్తం మార్కెట్‌ను తూచాలంటే మన దేశంలో ఎక్కువమంది చూసేది పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ పీఈ. 2000 ఫిబ్రవరిలో, 2008 జనవరిలో అది 28 తాకింది, రెండుసార్లూ మార్కెట్ కుప్పకూలింది. 2008 జనవరి 10న 21,206 దాకా వెళ్ళిన సెన్సెక్స్ అక్టోబర్ 27న 7,697 చూసింది. ఆ రోజు నిఫ్టీ పీఈ 11కి దిగువన ఉంది. దీంతో 28 అంటే అమ్మకం, 12 అంటే కొనుగోలు అన్న సూత్రం మదుపరుల నోళ్ళలో పాతుకుపోయింది.

2021 మొదట్లో నిఫ్టీ పీఈ 40 దాటింది. సూత్రం నమ్మినవాళ్ళు అమ్ముకుని కూర్చున్నారు. మార్కెట్ పడలేదు సరికదా, ఇంకా పైకి పోయింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో లాభాలు కరిగి హారం చిన్నదైపోవడం వల్ల అంకె అంత పెద్దగా కనిపించింది, లాభాలు కోలుకోగానే తగ్గింది. పైగా అందులో ఇంకో మెలిక. అప్పటిదాకా, నిఫ్టీని లెక్కగట్టే ఎక్స్ఛేంజి ఎన్‌ఎస్‌ఈ మాతృ కంపెనీల లాభాలు మాత్రమే లెక్కలోకి తీసుకునేది, అనుబంధ సంస్థలవి కలిపేది కాదు. 2021 మార్చి 31 నుంచి కలపడం మొదలుపెట్టింది. ఒక్కరోజులో, ఒక్క షేరు ధరా పెద్దగా కదలకుండానే, పీఈ 40 దగ్గర నుంచి 33 దగ్గరికి వచ్చింది. కాబట్టి 2008 నాటి 28నీ నేటి అంకెనూ పక్కపక్కన పెట్టి చూపే పటాలు గజాన్నీ మీటరునూ కలిపి కొలిచే రకం. ఇప్పటికీ ఇవి చాలాచోట్ల తిరుగుతుంటాయి.

రెండో కొలత, అన్ని కంపెనీల మార్కెట్ విలువను దేశ స్థూల ఉత్పత్తితో పోల్చడం. వారెన్ బఫెట్ 2001లో దీన్ని మెచ్చుకున్నాక ఆయన పేరు మీదే ప్రచారమైంది. 2020 మార్చి 23న, అంటే సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు పడిన నాడు, బీఎస్‌ఈ కంపెనీల విలువ రూ.102 లక్షల కోట్ల దగ్గర ఉంది. ఆ ఏడాది దేశ ఉత్పత్తిలో దాదాపు సగం. 2024 సెప్టెంబర్ చివర అది రూ.477 లక్షల కోట్లు దాటింది, దేశ ఉత్పత్తికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఈ కొలతకూ లోపముంది. ఒకప్పుడు ప్రైవేటుగా ఉన్న కంపెనీలు మార్కెట్‌లో నమోదైనకొద్దీ, షేర్ల ధరలు పెరగకపోయినా, నిష్పత్తి పెరుగుతుంది.

ఎక్కువ పీఈ ఉన్నంత మాత్రాన షేరు రేపే పడదు. మరి ఖరీదు వల్ల నష్టం ఎక్కడ? చిన్న లెక్క చూడండి. షేరుకు రూ.10 లాభం, ధర రూ.500, పీఈ 50. లాభం ఏటా 20 శాతం చొప్పున ఐదేళ్ళు పెరిగితే రూ.24.88 అవుతుంది. కంపెనీ చెప్పినదంతా చేసింది, ఎవరూ మోసం చేయలేదు. కానీ ఐదేళ్ళకు జనం ఆ షేరుకు 50 రెట్లు కాక 20 రెట్లు మాత్రమే ఇస్తే, ధర రూ.498. అయిదేళ్ళ మంచి వ్యాపారం, రూ.2 నష్టం. జపాన్ నిక్కెయ్ సూచీ 1989 చివరి రోజుల్లో అందుకున్న శిఖరాన్ని తిరిగి దాటింది 2024 ఫిబ్రవరిలో, 34 ఏళ్ళకు. ఖరీదుగా కొనడానికి పడే శిక్ష చాలాసార్లు పతనం రూపంలో రాదు, నిరీక్షణ రూపంలో వస్తుంది.

సెంటిమెంట్‌ను పట్టే సాధనాలు

మార్కెట్ మనసును కొలిచే అంకెల్లో మొదటిది ఇండియా విక్స్. 2008 నుంచి ఎన్‌ఎస్‌ఈ ఇస్తున్న ఈ సూచీ, నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి రాబోయే 30 రోజుల ఊగిసలాటను అంచనా కడుతుంది. అంకె ఏడాది లెక్కన ఉంటుంది కాబట్టి నెలకు తెచ్చుకోవాలంటే 12 వర్గమూలంతో భాగించాలి. విక్స్ 15 ఉంటే నెలలో అటో ఇటో 4 శాతం పైచిలుకు కదలిక మామూలని మార్కెట్ అనుకుంటోందన్నమాట. బీమా ప్రీమియం లాంటిది ఇది, భయపడ్డవాడు ఎక్కువ కడతాడు. 2020 మార్చి చివర విక్స్ 80 దాటింది, కొనుగోలుకు అంతకన్నా మంచి రోజులు మళ్ళీ రాలేదు. అయితే విక్స్ తక్కువుంటే మార్కెట్ ఖరీదుగా ఉందని అర్థం కాదు. తక్కువ విక్స్‌తో నెలల తరబడి ఎక్కిన సందర్భాలు బోలెడు.

రెండోది డబ్బు ప్రవాహం. విదేశీ మదుపరులు 2024 అక్టోబర్‌లో రూ.90,000 కోట్లకు పైగా షేర్లు అమ్మేశారు. అంత అమ్మకం పదిహేనేళ్ళ కిందట వచ్చుంటే మార్కెట్ మునిగేది. ఈసారి అడ్డం నిలిచింది నెలనెలా సిప్‌ల రూపంలో మ్యూచువల్ ఫండ్లలోకి వస్తున్న డబ్బు. 2020 మొదట్లో నెలకు రూ.8,000 కోట్ల పైచిలుకున్న సిప్, 2024 చివరికి రూ.25,000 కోట్లు దాటింది. అయినా 2024 సెప్టెంబర్ 27న 26,277 తాకిన నిఫ్టీ 2025 ఏప్రిల్ 7న 21,743 దాకా దిగింది. చిన్న కంపెనీల షేర్లు ఇంకా ఎక్కువ నలిగాయి. సిప్ డబ్బు చిట్టీ కట్టినట్టు వస్తుంది, ధర చూసి ఆగదు. పతనాన్ని మెత్తన చేస్తుంది, ఖరీదైన షేర్లను ఇంకొంచెం ఖరీదు చేస్తుంది కూడా.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగ్గది, పబ్లిక్ ఇష్యూల దగ్గర క్యూ. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ ఇష్యూకు 70 రెట్లకు పైగా దరఖాస్తులొచ్చాయి. రూ.450కి ఇచ్చిన షేరు ఫిబ్రవరి 11న నమోదైన తొలిరోజే రూ.372 దగ్గర ముగిసింది. 2024 ఆగస్టులో ఢిల్లీలో రెండు బైక్ షోరూంలు, ఎనిమిది మంది సిబ్బంది ఉన్న రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ అనే చిన్న సంస్థ రూ.12 కోట్లు అడిగితే దాదాపు రూ.4,800 కోట్లకు బిడ్లు పడ్డాయి. ఏ గ్రాఫూ ఇంత సూటిగా చెప్పదు. ప్రమోటర్లు తెలివైనవాళ్ళు. తమ వాటా ఎక్కువ ధరకు పోయే రోజుల్లోనే అమ్మకానికి వస్తారు. ఇష్యూలు వరసకట్టాయంటే అమ్మేవాళ్ళకు ధరలు నచ్చాయని అర్థం. దీనికి ఎదురు బొమ్మ 1993 నాటి ఇన్ఫోసిస్ ఇష్యూ. రూ.95 చొప్పున ఇస్తామన్నా పూర్తిగా అమ్ముడుపోలేదు.

పెరిగిన షేర్లు ఎన్ని, తగ్గినవి ఎన్ని, పుట్-కాల్ నిష్పత్తి ఎంత, గ్రే మార్కెట్‌లో ప్రీమియం ఎంత అని చూసే కొలతలు ఇంకా చాలానే ఉన్నాయి. వాటికి రోజు, వారం ప్రయోజనమే తప్ప ఏడాది చూపు లేదు.

అంకెలకు అందని సెంటిమెంట్ ఎలా ఉంటుందో 2024 జూన్ మొదటి వారంలో తెలుగువాళ్ళు దగ్గరనుంచి చూశారు. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది. ఓట్ల లెక్కింపు రోజు జూన్ 4న 4,390 పాయింట్లు కూలింది. కానీ ఆ ఎన్నికల్లో గెలిచిన నారా చంద్రబాబు నాయుడు కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ మాత్రం జూన్ 3న రూ.424 దగ్గర ముగిసి, జూన్ 7 నాటికి రూ.661కి చేరింది. గల్లా కుటుంబ కంపెనీ అమరరాజా కూడా ఎగిరింది. ఆ నాలుగు రోజుల్లో హెరిటేజ్ సేకరించిన పాలు, అమ్మిన పెరుగు పెరగలేదు. హారం కదలకుండా లవం సగానికి పైగా ఉబ్బింది. 2025 తొలి నెలల్లో షేరు మళ్ళీ రూ.400 దిగువకు వచ్చింది. ఎన్నికలకు ముందు కొన్నవాడికీ, గెలుపు హోరులో కొన్నవాడికీ కంపెనీ ఒక్కటే, పెట్టుబడి మాత్రం వేరు.

భయం కూడా ఇలాగే అతి చేస్తుంది. విశాఖ దగ్గర దివీస్ లేబొరేటరీస్ రెండో యూనిట్ మీద 2017 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దిగుమతి హెచ్చరిక పెట్టిన రోజు షేరు దాదాపు 20 శాతం పడింది. లోపాలు సరిదిద్దాక ఏడాది తిరగకుండానే హెచ్చరిక తొలగింది, ఆ తర్వాతి ఏళ్ళలో షేరు ఎన్నో రెట్లయింది. అప్పట్లో అడగాల్సిన ప్రశ్న ధర ఎంత పడిందని కాదు, హారానికి తగిలిన దెబ్బ తాత్కాలికమా శాశ్వతమా అని.

కథలు అల్లేవాళ్ళు

ప్రతి ఉబ్బుకూ ఒక సిద్ధాంతం తోడొస్తుంది. 1992లో బ్రోకర్ హర్షద్ మెహతా ఏసీసీ సిమెంటు షేరును రూ.200 స్థాయి నుంచి రూ.9,000 దాకా తోలినప్పుడు, అలాంటి ఫ్యాక్టరీని ఇవాళ కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో లెక్కేయమన్నాడు. సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదు. జేమ్స్ టోబిన్ అనే ఆర్థికవేత్త ఇలాంటి నిష్పత్తినే ముందు ప్రతిపాదించాడు. కాకపోతే ఆ ధరకు కొంటున్న డబ్బు బ్యాంకుల నుంచి దొడ్డిదారిన వచ్చింది. ఆ సంగతిని సుచేతా దలాల్ 1992 ఏప్రిల్‌లో పత్రికలో బయటపెట్టారు. 2000లో కళ్ళు, 2007లో మెగావాట్లు: వెబ్‌సైట్‌ను ఎన్ని కళ్ళు చూశాయన్నదే విలువ అన్నారు, తర్వాత రాబోయే కరెంటే విలువ అన్నారు. కొలత మారిపోయిందంటే, పాత కొలతతో ఆ ధరను సమర్థించలేకపోతున్నారని అనుమానించవచ్చు.

ఆర్థికవేత్త కీన్స్ 1936లో మార్కెట్‌ను ఒక అందాల పోటీతో పోల్చాడు. అందులో గెలవాలంటే నీకు నచ్చిన ముఖం కాదు, పదిమందికీ నచ్చుతుందని పదిమందీ అనుకునే ముఖం ఎంచుకోవాలి. బెంజమిన్ గ్రాహం 1949లో మార్కెట్‌ను రోజూ ఇంటికొచ్చి ఒక ధర చెప్పే, నిలకడ లేని మనసున్న భాగస్వామిగా ఊహించాడు. అతని ధరతో వ్యాపారం చేయొచ్చు, అతని మాటతో విలువ కట్టకూడదు.

హైదరాబాద్‌లో ఈ ముఖాలను ముఖాముఖి చూసే చోటు ఒకప్పుడు ఉండేది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దయింది. ముంబయి స్క్రీన్లు ఊరూరికీ వచ్చాక ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకు పని లేకుండా పోయింది. ఇప్పుడు బీబీపేటలోనూ డీమ్యాట్ ఖాతా ఫోన్‌లో తెరుచుకుంటుంది. దేశంలో ఇలాంటి ఖాతాలు 2020 మార్చిలో 4 కోట్ల పైచిలుకు, 2025 మార్చికి 19 కోట్లు దాటాయి. కొత్తవాళ్ళలో చాలామంది షేర్ల దగ్గర ఆగలేదు, ఆప్షన్లకు వెళ్ళారు. 2024 సెప్టెంబర్‌లో సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. నష్టాల మొత్తం రూ.1.8 లక్షల కోట్ల పైమాటే. ఆప్షన్‌కు హారమే ఉండదు. కంపెనీ ఎంత సంపాదించినా గడువు రోజు దాటితే కాగితం చెల్లదు. అది పూర్తిగా సెంటిమెంట్ బేరం.

షేరుకైతే హారం ఉంది, అయితే దూరాన ఉంది. పక్క చేను కౌలు ఎంతకు పోయిందో, ఏ బోరు ఎండిందో, ఈసారి వరి ఎన్ని బస్తాలు దిగిందో బీబీపేటలో ఎవరినడిగినా చెబుతారు. కంపెనీ లాభం అలా కనబడదు. ఏడాదికి నాలుగుసార్లు, కాగితం మీద మాత్రమే కనబడుతుంది: త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా ఒక పట్టిక, ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లోగా ఆడిటర్ సంతకంతో ఒక పట్టిక. రెండు పట్టికల మధ్య రోజుల్లో షేరు ధర మాత్రం శని, ఆది, సెలవులు తప్పిస్తే రోజూ ఉదయం 9.15కి మొదలై మధ్యాహ్నం 3.30 దాకా మారుతూనే ఉంటుంది.